ముందు మాస్టారు, తర్వాతే రోలు

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఏ యూపీ (ప్రాథమికోన్నత) స్కూలుకు వెళ్లినా అధికారులు అడిగే మొదటి మాట ‘రోలు ఎంత?’ అనే, అంటే బడిలో ఎంతమంది పిల్లలున్నారని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలు తగ్గితే లెక్కల మాస్టారు సర్దుబాటు పేరుతో ఇంకో ఊరు వెళ్లిపోతారు. మరుసటి జూన్‌కి ఇంకొందరు టీసీలు పట్టుకుపోతారు. అప్పుడు ‘పిల్లలే లేరు, టీచరెందుకు’ అంటారు. ఈ వరస మారాలి.

సర్కారు బడంటే జనానికి చులకన అనే మాటను మేం ఒప్పుకోం. ఉద్దానం జీడితోటల్లో కూలికి పోయే తల్లి, వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయిన మత్స్యకారుడు ఫీజులూ వ్యాను ఛార్జీలూ సరదాకి కట్టరు. ఏడో తరగతి పిల్ల భాగహారం దగ్గర ఆగిపోతే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. బళ్లోనూ లేకపోతే అప్పు చేసైనా ప్రైవేటు బడి పసుపు వ్యాను ఎక్కిస్తారు. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, బూట్లు అవసరమే. కానీ పిల్లల్ని బడికి పంపే తల్లులకు సర్కారిచ్చే ‘తల్లికి వందనం’ సొమ్ము ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తోంది. ఇక సర్కారు బడి వైపు మొగ్గేలా చేయగలిగింది చదువొక్కటే.

ఇద్దరే టీచర్లున్న బళ్లో ఆ చదువు ఎలా సాగుతుంది? ఒకే గదిలో మూడు తరగతులు. బోర్డు మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు ఆరో తరగతికి భిన్నాలు, కుడివైపు ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం. ఏడో తరగతి వాళ్లు చూసిరాత రాస్తుంటారు. అంతలో హాజరు యాప్‌లో ఎక్కించాలి, భోజనం ఫొటో పంపాలి. ఆ మాస్టారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ మూడు తరగతులకూ తరగతికి కనీసం ఒక టీచరు ఉండాలంది. సైన్సు–లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి అంది. పిల్లలు తగ్గితే మినహాయింపు అని అందులో ఎక్కడా లేదు.

పైగా 2022లో జీవో 117తో మూడు నుంచి ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపారు, 2025లో ఆ జీవోనే రద్దు చేశారు. వచ్చే ఏడాది ఈ బడి ఉంటుందో లేదో అన్న టెన్షన్‌లో పిల్లల్ని ఎవరు చేర్పిస్తారు?

నష్టం పిల్లలదే. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేల స్కాలర్‌షిప్ వస్తుంది. నాలుగేళ్లకు 48 వేలు. సర్కారు, ఎయిడెడ్ బడుల పేద పిల్లల కోసమే పెట్టిన ఈ పరీక్షలో లెక్కలు చెప్పే దిక్కు లేని పిల్లలు ఏం రాయగలరు?

మెగా డీఎస్సీ–2025లో 16,347 పోస్టులు ప్రకటించారు. కొత్త టీచర్లు వచ్చాక కూడా పల్లె యూపీ స్కూలుకు లెక్కల మాస్టారు లేరంటే వినడానికి మేం సిద్ధంగా లేం. సబ్జెక్టు టీచర్లను ఇచ్చి, రోలు ఎంతున్నా మూడేళ్లు కదపకండి. ఏ తరగతి పిల్లలకు చదవడం, లెక్క చేయడం ఎంతవరకు వచ్చిందో ఏటా తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. అప్పటికీ మెరుగుపడకపోతే టీచర్లను నిలదీసే హక్కు ఊరికి ఉంటుంది, మేమూ నిలదీస్తాం. ఈ వేసవి సర్దుబాటు జాబితా మీద సంతకం పెట్టేముందు జిల్లా విద్యాశాఖాధికారి ఇందులో కనీసం మొదటిదైనా చేయాలి.