‘సెట్టయిపోతాది సార్’ గారికి చిత్తూరు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘సెట్టయిపోతాది సార్’ గారి దివ్యసముఖానికి,

మా నాన్న కొన్న తెల్ల అంబాసడర్ మీకు తెలియనిది కాదు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసడర్ల తయారీ ఆగిపోయింది. సామాన్లు దొరకడం కష్టమయ్యేసరికి, సరిపోని సామాను పట్టుకుని మన మెకానిక్ ‘సెట్టయిపోతాది సార్’ అంటూ మీ పేరు జపించడం మొదలెట్టాడు. అలా మీరు దాని నాలుగు బ్రేకు డ్రమ్ముల్లోనూ కాపురం పెట్టారు.

డ్రమ్ముకు లోపలి నుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూ వెడల్పు ఎక్కువైతే ఆకురాయితో రుద్దించారు. షూను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగు ఏదో జీపుదట, లాగి తగిలించమన్నారు. (ఆ లాగుడికి అది ఎగిరి పక్క టీ బంకులో బోండాల పళ్ళెంలో పడింది. అక్కడ మాత్రం సెట్టవలేదు.) సరే, ఓర్చుకున్నాను.

ముందు చక్రాల సంగతి ఓర్చుకోలేను. నా బండికి ముందు డ్రమ్ము ఒక్కోదానికి, షూలను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్లు రెండేసి. చక్రం ముందుకు తిరిగేటప్పుడు డ్రమ్మే రెండు షూలనూ తనలోకి లాక్కుని గట్టిగా పట్టేలా అమర్చారు. పెడల్ తొక్కుడికి బలం కలిపే బూస్టర్ లేని బండికి అదే దిక్కు. మన మెకానిక్ షూలు మోసే ప్లేట్లు విప్పి, కిరసనాయిల్లో కడిగి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ బిగించాడు. బోల్టులు పట్టాయి కదా, మీరు వెంటనే ఆశీర్వదించారు. ఇక ముందుకు పోతే డ్రమ్ము షూలను తోసేస్తుంది, వెనక్కి పోతే ఉడుంపట్టు.

షెడ్డులోంచి రివర్స్‌లో తీసినప్పుడు పెడల్ తాకితే చాలు, నిలబడిపోయింది. మురిసిపోయి డబ్బులిచ్చాను.

ఆదివారం పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగుతుంటే తెలిసింది. సెకండ్ గేరు, రెండు కాళ్ళూ పెడల్ మీదే, ముందేమో మామిడికాయల ట్రాక్టరు. మా ఆవిడ “వినాయకా!” అన్న కేక కాణిపాకం దాకా వినబడే ఉంటుంది. బంగారుపాళెంలో టీ తాగేటప్పుడు కూడా నా మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు అడిగితే మెకానిక్, “రివర్స్‌లో బాగా పట్టింది కదా సార్” అన్నాడు. ఘాట్ అలాగే దిగి ఉండాల్సిందేమో!

కాబట్టి స్వామీ, కాణిపాకం మనకు దగ్గరే. కోనేట్లో మునిగి, నా బండి జోలికి రానని ఒక్క ప్రమాణం చేయండి. ప్లేట్లు ఎటువి అటు మార్పించాను. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మాత్రం రెండంగుళాలు పొట్టిదొచ్చింది. అతను మీ పేరెత్తబోతుంటే బండి తీసుకుని వచ్చేశాను.

ఇట్లు,
వెనక చక్రం కింద రాయి పెట్టి పడుకునే
ఒక అంబాసడర్ ఓనరు