ఆర్వో ప్లాంటు తాళం ఎవరి దగ్గర?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కంపెనీ ఇచ్చిన ఆర్వో ప్లాంటు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. చిన్న రేకుల షెడ్డు, షెడ్డు కంటే ఘనంగా కంపెనీ పేరున్న బోర్డు, చాలాచోట్ల తలుపుకి తాళం.

తాళం ఎందుకు పడుతుందో చెప్పడం కష్టం కాదు. మట్టిని ఆపే 5 మైక్రాన్ల వడపోత కాట్రిడ్జిని నెలకో రెండు నెలలకో మార్చాలి. మార్చకపోతే మట్టి మెంబ్రేన్ దాకా, అంటే నీళ్లలోని ఉప్పుని ఆపే పొర దాకా పోతుంది. ఉప్పునీటి బోరైతే యాంటీస్కేలెంట్ మందు ఆపిన కొన్నాళ్లకే సున్నం పేరుకుని ధార సన్నబడుతుంది, పంపు మీద భారం పడుతుంది. ఎంత బాగా చూసుకున్నా కొన్నేళ్లకు మెంబ్రేన్ మార్చక తప్పదు. తీరా అది పోయాక చూస్తే కరెంటు బిల్లు పంచాయతీది, బోర్డు కంపెనీది, నడిపేది ఏదో స్వచ్ఛంద సంస్థ. ఊరు ఎవరిని అడగాలి?

అడిగే హక్కు ఊరికి లేకపోవడంలోనే చిక్కుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. సగటు లాభం 60 కోట్లయితే 1.20 కోట్లు. దాన్ని దేనికి వాడాలో తేల్చేది కంపెనీ డైరెక్టర్ల బోర్డే. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉన్నా, అది తప్పనిసరి కాదని 2021లో కార్పొరేట్ వ్యవహారాల శాఖే వివరణ ఇచ్చింది. ఫలితం ఏమైందో బయటి సంస్థతో లెక్కగట్టించాల్సింది ఏటా 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టాల్సిన కంపెనీలే. అదీ కోటి రూపాయలు దాటిన పనులకే. మన ఊరి షెడ్డు ఆ లెక్కలోకే రాదు.

ఉద్దానం సంగతి చూడండి. కిడ్నీ జబ్బుతో నలిగిన ఆ మండలాలకు హిరమండలం నుంచి వంశధార నీళ్లిచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఆలస్యమైందని తిట్టుకోవచ్చు. అయినా ఆ కుళాయి ఎండితే ఎమ్మెల్యేని నిలదీయొచ్చు, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు, ఓటుతో బుద్ధి చెప్పొచ్చు. దానమిచ్చినవాణ్ణి ఏమని నిలదీస్తాం? పౌరుడు లబ్ధిదారుగా మారాక ప్రశ్న కూడా వినతిపత్రమైపోతుంది. సీఎస్ఆర్ మీద నా అభ్యంతరం డబ్బు గురించి కాదు, ఈ మార్పు గురించి.

ఇది బాగా బయటపడేది పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో, అంటే ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊళ్లో పెట్టే సభలో. వ్యర్థ జలాలు ఎక్కడికి వదులుతారని మత్స్యకారులు అడిగితే, బడికి గదులు కట్టిస్తామని జవాబొస్తుంది. చప్పట్లు కూడా మోగుతాయి (భోజనాల ఏర్పాటు ఉంటే మరీనూ). కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం సభకు 30 రోజుల ముందు నోటీసివ్వాలి, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి. కోరం అక్కర్లేదు, అంటే పదిమంది వచ్చినా సభ సభే. కానీ లేచిన అభ్యంతరాలన్నీ స్థానిక భాషలో రాసి అక్కడే చదివి వినిపించాలి. చదివేదాకా కదలకుండా కూర్చోవాలి. మనం అన్న మాట రాతలోంచి జారిపోయేది ఎక్కువగా అక్కడే.

ఆ సభలో కంపెనీ ఇచ్చి, అలా నమోదైన హామీకి కొంత బలం ఉంది. 2020 సెప్టెంబరు 30 నాటి కేంద్ర పర్యావరణ శాఖ మెమో ప్రకారం, సభలో ఇచ్చిన హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో భాగం కావాలి. అమలు నివేదికను ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాలి, అది అందరూ చూడదగ్గ పత్రం. నమోదు కాకుండా వేదిక మీద ఇచ్చిన సీఎస్ఆర్ మాటకు ఈ పట్టు లేదు.

ఇక ప్లాంటు తీసుకోవాల్సి వస్తే గ్రామసభ తీర్మానం లేకుండా స్థలం ఇవ్వకూడదు. ఆస్తి పంచాయతీ పేరున ఉండాలి. కనీసం ఐదేళ్ల నిర్వహణ, అందులో ఒకసారి మెంబ్రేన్ మార్పిడి ఖర్చుతో సహా, ఒప్పందంలో రాయించాలి. వడపోతలో మిగిలిన ఉప్పటి రిజెక్ట్ నీళ్లు ఏ కాలువలోకి పోతాయో కూడా అందులోనే ఉండాలి. బోర్డు ఎంత పెద్దది పెట్టుకున్నా పరవాలేదు, తాళంచెవి మాత్రం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండాలి.