‘సెటిలయ్యాక’ తెచ్చుకుంటే పిల్లలకే నష్టం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం వైపు నుంచి హైదరాబాద్ వచ్చిన ఏ కుర్రాడిని కదిపినా ఒకటే మాట: “ముందు నేను సెటిలవ్వాలి కదన్నా, తర్వాత ఇంటిదాన్నీ గుంటల్నీ (పిల్లల్నీ) తెచ్చుకుంటాను.” ఊళ్లో పెద్దలు దీన్ని బుద్ధిమంతుడి లక్షణం అంటారు. నేనొప్పుకోను. ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు పిల్లల విషయంలో చేస్తున్న అతి పెద్ద తప్పు ఇదే. వస్తే ఇంటిల్లిపాదీ రావాలి, అదీ పెద్ద పిల్లవాడు ఒకటో తరగతిలో చేరకముందే రావాలి.

ఎందుకు వస్తున్నారో కొత్తగా చెప్పక్కర్లేదు. 2011లో గుణుపురం లైను బ్రాడ్‌గేజ్ అయ్యింది. నౌపడా మీదుగా విశాఖ ఒక పూట ప్రయాణం, అక్కణ్నుంచి సికింద్రాబాద్ ఒక రాత్రి. ఇక్కడ ఉద్యోగం ఉంది, అక్కడ లేదు.

ఒంటరిగా ఉంటే డబ్బు మిగులుతుందన్నది కూడా సగం భ్రమే. గదిలో నలుగురు, మెస్ బిల్లు, దసరాకీ సంక్రాంతికీ తత్కాల్ టికెట్లు, ఊళ్లో ఇంకో పొయ్యి. పైగా బ్యాచిలర్ అనగానే ఓనర్ మొహం మారిపోతుంది. అయినా డబ్బు సంగతి పక్కన పెడదాం. అసలు దెబ్బ పిల్లల చదువు దగ్గర తగులుతోంది.

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగానికి ఎవరు స్థానికులో తేల్చేది 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. ఆ స్థానికతను తండ్రి ఎన్నేళ్లుగా ఇక్కడ అద్దె కడుతున్నాడన్నది చూసి ఇవ్వరు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా పిల్లవాడు ఎక్కడ ఎక్కువ కాలం చదివాడన్నదే లెక్క. ‘సెటిలయ్యాక’ అని నాన్న వాయిదా వేసే ఏళ్లు సరిగ్గా ఇవే! ఆయనకు ప్రమోషన్ వచ్చి రెండు గదుల ఇల్లు తీసుకునేసరికి పిల్లవాడు ఆరో తరగతిలో ఉంటాడు. ఇక ఎన్నాళ్లు ఇక్కడే పెరిగినా గ్రూప్స్ దరఖాస్తులో వాడు నాన్‌లోకల్. పుట్టిన ఊరు పర్లాకిమిడి కావడం వల్ల వచ్చిన చిక్కు కాదిది, ఆ ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు అక్కడివి కావడం వల్ల వచ్చింది.

దీనికి మించినది అక్షరాల కష్టం. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు. బోరబండ వైపు ఒక ప్రైవేటు బడి ఆఫీసు గదిలో చూశాను. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి, ఏడో తరగతి అడ్మిషన్. గలగలా తెలుగు మాట్లాడుతోంది, అదీ మనకు ముచ్చటేసే ఉత్తరాంధ్ర యాసలో. టీచరమ్మ తెలుగు వాచకం చేతికిచ్చి “ఒక్క పేరా చదువమ్మా” అంది. పిల్ల నోట మాట లేదు. చదివింది ఒడియా మీడియంలో, గుండ్రటి ఒడియా అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. తెలుగులో మాత్రం తన పేరు కూడా కూడబలుక్కోవాలి. ఐదులో చేర్చుకుంటామన్నారు. తండ్రి సరే అన్నాడు, పిల్ల ఏడ్చింది. అదే అమ్మాయి ఐదేళ్లప్పుడు వచ్చి ఉంటే క్లాసులో మిగతా అందరితోపాటు అ, ఆలు దిద్దుకునేది.

ఊళ్లో ముసలి తల్లిదండ్రులను ఎవరు చూస్తారు, పోయేది ప్రైవేటు ఉద్యోగాలకైతే స్థానికతతో పనేంటి అని అడిగేవాళ్లున్నారు. తండ్రి ప్రైవేటు ఉద్యోగం చేస్తే బిడ్డ కూడా అదే చేయాలని ఎక్కడుంది? ఎస్సీ, ఎస్టీ కుటుంబాల అభ్యంతరం మాత్రం గట్టిది, నేను కాదనలేను. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన కుటుంబం బొంబాయికి మారితే అక్కడి మెడికల్ సీటుకు ఆ హోదా చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొండకు ఇటున్న సవర గిరిజనుడూ ఎస్టీయే, అటున్న సవర గిరిజనుడూ ఎస్టీయే. కానీ గజపతి జిల్లా సర్టిఫికెట్ శ్రీకాకుళంలో రాష్ట్ర ఉద్యోగానికి పనికిరాదు. వాళ్లు లెక్కలు చూసుకునే కదలాలి.

ఆ సరిహద్దు గీత గీసింది 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, ఆ పట్టణం ఒడిశాలో కలవగానే డెబ్భై దాటిన వయసులో ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. శాలువాలు, సన్మానాలు, ఉపన్యాసాలు. ఆయన పాఠాలు చెప్పిన ఊరి తెలుగు పిల్లలు తెలుగు చదవలేని సంగతి మాత్రం ఏ వేదిక మీదా వినపడదు. అక్కడివాళ్లకు తెలుగు చెప్పించాల్సింది ఒడిశానే అని చేతులు దులుపుకుంటే సరిపోదు. వాళ్లు చివరికి వచ్చేది విశాఖకూ హైదరాబాద్‌కూ. స్థానికత నిబంధన మార్చాలంటే రాష్ట్రపతి ఉత్తర్వే మారాలి, ఢిల్లీ దాకా నడవాలి. పర్లాకిమిడి, రాయగడ, బరంపురాల్లో వేసవి సెలవుల్లో తెలుగు చదవడం, రాయడం నేర్పే తరగతులకు సాయం చేయడానికి ఢిల్లీ దేనికి? ఒక్క దినోత్సవం శాలువాల ఖర్చు పెట్టినా మొదలవుతుంది.

ఈలోగా ఈ ఏడాదే పిల్లలతో బయల్దేరేవాళ్లు టీసీ మీద అక్కడి విద్యాధికారి కౌంటర్ సంతకం కూడా వేయించుకుని రండి. జూన్‌లో ఇక్కడి బడి అడిగాక ఆ ఒక్క సంతకం కోసం మళ్లీ రైలెక్కాల్సి వస్తుంది.