పేరు తీసేసినా మనిషి దొరికిపోతాడు

విశాఖ రుషికొండ, మధురవాడ ఐటీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "డేటా చట్టం గురించి టెన్షన్ వద్దు. పేరు తీసేసి ఫోన్ నంబరు హ్యాష్ చేస్తే అది ఇక వ్యక్తిగత డేటా కాదు. డేటాబేస్ ఎన్‌క్రిప్ట్ చేస్తే చాలు. యూజర్ టిక్ పెడితే ఏదైనా తీసుకోవచ్చు. చిన్న కంపెనీలకు ఇవేవీ వర్తించవు" అని. నాకే ముగ్గురు పంపారు. వాళ్లు చెబుతున్నది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి. మొదటి మూడు మాటలూ తప్పే, నాలుగోది సగమే నిజం.

హ్యాష్‌ను, అంటే నంబరును ఒక లెక్క ప్రకారం గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చినదాన్ని, వెనక్కి తిప్పలేమన్నది నిజమే. కానీ తిప్పాల్సిన పనే లేదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లకు మించవు. అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చడానికి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకు నిమిషాలు చాలు. సాల్ట్ (హ్యాష్ చేసేముందు నంబరుకు చేర్చే యాదృచ్ఛిక అక్షరాలు) కలిపినా, అది అదే టేబుల్లో పక్కనే ఉంటే పెద్ద అడ్డేమీ కాదు. కీని, అంటే రహస్య సంకేతాన్ని, డేటాబేస్ బయట దాచి హెచ్‌మ్యాక్ (ఆ కీతో కలిపి చేసే హ్యాష్) చేయాలి, లేదా నంబరు బదులు టోకెన్ (నంబరుతో సంబంధం లేని మారు కోడ్) పెట్టి అసలుది వేరేచోట ఉంచాలి. అప్పటికీ కీ మన చేతిలో ఉన్నంతకాలం అది వ్యక్తిగత డేటాయే.

ఇక పేరు తీసేయడం. ఆస్పత్రి రికార్డుల్లో పేరు తీసేసి, పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది మిగిల్చారనుకోండి. ఒక పిన్‌కోడ్‌లో లక్ష మంది ఉన్నారనుకుందాం. 80 ఏళ్ల పుట్టిన తేదీలు సుమారు 29 వేలు, ఆడ, మగ కలిపితే 58 వేల గడులు. గడికి ఇద్దరు కూడా రారు! ఎంవీపీ కాలనీలో ఒకరి పుట్టినరోజు తెలిసిన పక్కింటివాళ్లు చాలు, ఆ మనిషి జబ్బేమిటో చదివేయడానికి.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాను కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చడం) డిస్క్ ఎత్తుకెళ్లిన దొంగను ఆపుతుంది. లాగిన్ అయినవాడిని ఆపదు. లాగ్ ఫైళ్లలోకి, టెస్ట్ సర్వర్లోకి వెళ్లిన కాపీలనూ కాపాడదు. గతంలో నేను పనిచేసినచోట టెస్ట్ డేటా అని ఇచ్చిన ఫైల్లో మా పిన్ని షుగర్ రిపోర్టు కనబడింది. నిజమైన పేషెంట్ల వివరాలను ఉన్నవి ఉన్నట్టు దించేశారు. ఆ రోజు నాకు చేతులు ఆడలేదు.

టిక్ విషయానికి 2023 చట్టమే ఉదాహరణ ఇచ్చింది: టెలిమెడిసిన్ యాప్‌ ఫోన్లోని కాంటాక్టులు అడిగి, యూజర్ ఒప్పుకున్నా ఆ ఒప్పుదల కాంటాక్టులకు చెల్లదు, ఎందుకంటే వైద్యానికి అవి అవసరం లేదు. పైగా సమ్మతి అడిగే మాటలను తెలుగులోనూ చదువుకునే వీలు ఇవ్వాలి. మన దగ్గర తయారయ్యే యాప్‌లలో అది ఎన్నిట్లో ఉంది?

చిన్న కంపెనీల మినహాయింపు మాట సగమే నిజం. స్టార్టప్‌లకు కొన్ని సెక్షన్ల నుంచి కేంద్రం మినహాయింపు ఇవ్వవచ్చు. కానీ డేటాకు తగిన భద్రత కల్పించాలన్న సెక్షన్ 8(5) ఆ జాబితాలో లేదు. దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పడవచ్చు. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన గడువు 18 నెలలు. టెస్ట్ సర్వర్లలోని అసలు వివరాలను తుడవడం ఈ వారమే మొదలుపెట్టవచ్చు.