బ్లిట్జ్ పిల్లలు, బట్టీ ఓపెనింగులు

పదేళ్ల పిల్లాడికి నెలకో కొత్త చెస్ ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల వరుస) కోర్సు కొనిపెట్టి, రోజూ ఫోన్లో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆటలు ఎన్ని ఆడినా చూస్తూ ఊరుకుని, ఏడాది తిరిగేసరికి రేటింగ్ ఎందుకు పెరగలేదని కోచ్‌ను నిలదీసే తల్లిదండ్రులు బెజవాడ పటమటలోనూ ఉన్నారు, గుంటూరు బ్రాడీపేటలోనూ ఉన్నారు. పెరగదు. ఈ పద్ధతిలో పెరిగితేనే ఆశ్చర్యపోవాలి.

మన చెస్ గ్రాండ్‌మాస్టర్లలో హరికృష్ణ, హారిక గుంటూరు బిడ్డలు. హంపి గుడివాడలో పుట్టింది. లలిత్ బాబు బెజవాడ వాడు. మన టోర్నీల ప్రారంభోత్సవాల్లో ఈ పేర్లు వినిపించని ఉపన్యాసం ఉండదు, వాళ్లు ఏ ఆట ఆడి పైకొచ్చారో చెప్పే ఉపన్యాసం మాత్రం అరుదు. 2001లో హరికృష్ణ, 2002లో పదిహేనేళ్ల హంపి చెస్‌లో అత్యున్నత బిరుదు అందుకుని గ్రాండ్‌మాస్టర్లు అయ్యారు. అందుకు కావలసిన నార్ములు, అంటే బిరుదుకు లెక్కలోకి వచ్చే టోర్నీ ఫలితాలు, గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటల్లోనే వస్తాయి. త్వరగా ముగిసే ర్యాపిడ్‌లో వంద కప్పులు గెలిచినా అర నార్ము కూడా రాదు. అలాంటప్పుడు మన పిల్లల ఆదివారాలన్నీ ర్యాపిడ్‌కే ఎందుకు పోతున్నాయి? జవాబు అందరికీ తెలుసు. పొద్దున ఎంట్రీ ఫీజు, సాయంత్రం కప్పు, రాత్రికి వాట్సాప్ స్టేటస్. నిర్వాహకుడికి హాలు అద్దె ఒక్కరోజుతో సరిపోతుంది.

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో ఒక్కొక్కరికి 10 నిమిషాలు, అంతకు తక్కువైతే బ్లిట్జ్. 10 దాటి 60 లోపైతే ర్యాపిడ్. ఈ రెంటిలోనూ ఎత్తులు రాసుకోవాలన్న నిబంధన లేదు. క్లాసికల్‌లో రాసి తీరాలి. నా వాదనంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడి ఉంది. ర్యాపిడ్ ఆడి బయటికొచ్చిన పిల్లాణ్ని ఎలా ఓడిపోయావని అడగండి. "టైం అయిపోయింది" అంటాడు, లేదా "మంత్రి పోయింది" అంటాడు. మంత్రి పోవడానికి నాలుగు ఎత్తుల ముందు ఏం జరిగిందో వాడికి గుర్తుండదు, కాగితం మీదా ఉండదు. ఓటమి వచ్చింది, పోయింది, నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అదే స్కోర్‌షీట్, అంటే ఎత్తులు రాసిన కాగితం, ఉంటే కథ వేరు. గంట సమయం, ఎత్తుకు 30 సెకన్లు అదనం ఉన్న ఆటలో ప్రతి ఎత్తు పక్కనా గడియారంలో ఎన్ని నిమిషాలు మిగిలాయో రాసుకోమనండి. ఆట అయ్యాక ఆ అంకెలే మాట్లాడతాయి. ఆరో ఎత్తుకు పన్నెండు నిమిషాలు తిన్నాడంటే, ఓపెనింగ్ ఎత్తులు కంఠతా వచ్చాయి గానీ ఎందుకు ఆడుతున్నాడో తెలియదన్నమాట. ఇరవై మూడో ఎత్తు దగ్గర, ఏనుగులు మార్చుకోవాలా వద్దా అన్న అసలు ప్రశ్న ఎదురైనప్పుడు పది సెకన్లలో ఆడేశాడంటే, అక్కడ ప్రశ్న ఉందని వాడు గమనించనే లేదన్నమాట. మొదటి రోగానికి ఒక మందు, రెండో రోగానికి ఇంకో మందు. ఆ కాగితం లేని కోచ్ రెంటికీ ఒకటే మందు ఇస్తాడు: ఇంకో ఓపెనింగ్!

ఓపెనింగుల సంగతి చూడండి. ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో గుర్రాన్ని ఎఫ్7 గడి మీద బలిచ్చి రాజును నడిబోర్డులోకి లాగే దాడిని నేర్వని పిల్లాడు మన దగ్గర లేడేమో. అవతలివాడు ఐదో ఎత్తులో గుర్రంతో బంటును కొడితేనే ఆ దాడి పండుతుంది. కొట్టకుండా తన రెండో గుర్రాన్ని బోర్డు అంచుకు పంపి బిషప్‌ను అదిలించాడా, మనవాడు సీలింగ్ ఫ్యాను వంక చూస్తాడు. తర్వాతి వారం లండన్ సిస్టమ్ అనే ఇంకో ఓపెనింగ్ మొదలవుతుంది, ఎందుకంటే అందులో అవతలివాడు ఏం ఆడినా మనం అవే ఎత్తులు పెట్టుకోవచ్చట. పదేళ్ల వయసులో ఆలోచించకుండా ఉండే సౌకర్యం దేనికి? తెల్లపావులకు ఒకటి, నల్లపావులతో రాజు బంటుకు ఒక జవాబు, మంత్రి బంటుకు ఒక జవాబు, మొత్తం మూడు చాలు. ఏడాదిపాటు మార్చవద్దు. అవే ఓపెనింగుల్లో ఓడిపోతూ ఉంటే ఆ బంట్ల అమరిక ఏం కోరుతుందో నెమ్మదిగా ఒంటబడుతుంది.

హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ ఛాంపియన్ కదా, వేగం తప్పెలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. ఆన్‌లైన్ బ్లిట్జ్ వల్లే ఈ తరానికి చూపు చురుకైందనీ అంటారు. కాదనను. కానీ ఆమె గ్రాండ్‌మాస్టర్ కావడానికీ మొదటి ర్యాపిడ్ కిరీటానికీ మధ్య పదిహేడేళ్లున్నాయి. ముందు లోతు, ఆ తర్వాత వేగం. మనం తిరగేసి పట్టుకున్నాం.

గుకేశ్‌నే చూడండి. 2024లో ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి బ్లిట్జ్‌లో అతని రేటింగ్ క్లాసికల్ కంటే చాలా తక్కువ. చిన్నప్పుడు కోచ్ విష్ణు ప్రసన్న అతన్ని ఇంజిన్ల, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల, జోలికే పోనివ్వలేదు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో టైటిల్ పోరులో పద్నాలుగో ఆట డ్రా అయితే పోరు ర్యాపిడ్‌కు వెళ్లేది, అక్కడ డింగ్‌దే పైచేయి అనుకున్నవాళ్లే ఎక్కువ. ఒక్క బంటు ఆధిక్యంతో, డ్రా తప్పదనుకున్న ఎండ్‌గేమ్‌లో (కొద్ది పావులే మిగిలిన ఆఖరి దశలో) గుకేశ్ గంటల కొద్దీ కూర్చున్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ కిరీటం! అందులో ఓపెనింగ్ బట్టీ ఏమీ లేదు.

అసలు ఈ తొందర చదరంగంలో పుట్టింది కాదు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. మన రెండు ఊళ్లూ తరాలుగా నమ్ముకున్న ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) విద్య ఇదే. బిట్లు, షార్ట్‌కట్లు, కీ చూసి మార్కులు వేసుకోవడం, మళ్లీ ఆదివారం పరీక్ష. ఒక లెక్క ముందు గంటసేపు జవాబు తోచక కూర్చున్న విద్యార్థిని మందమతి అనే వాతావరణం ఇది. ఆ ఇళ్ల నుంచే పిల్లలు చెస్ అకాడమీకి వస్తారు, ఆ ఇళ్ల లెక్కలే వెంట తెస్తారు. ఓపెనింగ్ అంటే షార్ట్‌కట్, బ్లిట్జ్ అంటే వీక్లీ టెస్ట్, ఇంజిన్ అంటే కీ. ఆట ఓడాక ఇంజిన్ తెరిచి ఎర్ర గుర్తులు లెక్కపెట్టుకుని మూసేయడాన్ని విశ్లేషణ అంటున్నాం! ఏ తోవా తోచని స్థితిలో ఇరవై నిమిషాలు ఓపిగ్గా వెతకడం కాలేజీల్లో ఎలాగూ నేర్పడం లేదు. అది నేర్పగలిగిన ఆటను కూడా మనం కోచింగ్ సెంటర్‌గా మార్చేశాం.

దీనికి సర్కారు పథకమేమీ అక్కర్లేదు. జర్మనీలో క్లబ్ లీగులు నెలల తరబడి వారాంతాల్లోనే నడుస్తాయి. బెజవాడ అకాడమీలు, గుంటూరు అకాడమీలు కలిసి ఆదివారానికి ఒక్కటే రౌండు, గంట మీద ఎత్తుకు 30 సెకన్లు, ఆరు వారాలు, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పెట్టుకుంటే సరిపోతుంది. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెడితే దీపాల వేళకు ఇంటికి చేరవచ్చు. కప్పులు ఆరో వారం ఇచ్చుకోండి. ఈలోగా తల్లిదండ్రులు నెల ఫీజు కట్టేటప్పుడు కోచ్‌ను ఒక్కటి అడగాలి: ఈ నెల మావాడు రాసిన స్కోర్‌షీట్లు ఏవి? ఒక్కటీ లేదంటే, ఆ నెల వాడు చెస్ నేర్చుకోలేదు, ఆడుకున్నాడంతే.