కిటికీ కింద గోడ

గత నెలలో లండన్‌లోని మన తెలుగు అసోసియేషన్‌లో పరిచయమైన ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆదివారం ఖాళీయేనా? టవర్ బ్రిడ్జి దగ్గర ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్తున్నాం. మీరు అలాంటి బిల్డింగ్‌లోనే ఉంటారు కదా, ఒకసారి వచ్చి చూసి చెప్పండి" అన్నాడు. వెళ్లాను. పాత గోడౌన్‌ని ఫ్లాట్లుగా మార్చిన బిల్డింగ్ అది. లోపల అడుగు పెట్టగానే భార్యాభర్తలిద్దరూ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను, పద్నాలుగేళ్ల కిందట నేనూ అదే చేశాను. ఎత్తైన సీలింగ్, పోత ఇనుప స్తంభాలు, ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ, ఎదురుగా థేమ్స్. నీటి మీద పడ్డ వెలుగు సీలింగ్ మీద కదులుతుంటే ఎవరి మనసైనా జారుతుంది.

నేను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూశాను. నదికీ బిల్డింగ్‌కీ మధ్య పాచి పట్టిన గోడ ఉంది. "ఈ గోడ ఎవరిది?" అని ఏజెంటును అడిగాను. "కనుక్కుని మెయిల్ చేస్తానండీ" అన్నాడు.

లండన్‌లో థేమ్స్ నీరు రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తగ్గుతుంది. పెద్ద పోటు రోజుల్లో తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. ఆ బరువంతా రాత్రీ పగలూ మోసేది ఆ గోడే. పెద్ద పోటు ఊళ్లోకి రాకుండా నదికి అడ్డంగా మూసే గేట్లు, థేమ్స్ బారియర్, 1982 నుంచి ఉన్నాయి కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లు ఇక నిశ్చింతగా ఉండొచ్చని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఫ్లాట్ కొన్న మూడో ఏడు ఉత్తరం వచ్చింది: నది గోడలో ఇటుకల మధ్య సందులు పడ్డాయి, రిపేరుకు మీ వాటా ఇంత అని. ఆ అంకె చూశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నది గోడ గవర్నమెంటుది కదా, నాకెందుకు బిల్లు? అప్పుడు తెలిసింది. వరద గోడ ఎవరి స్థలంలో ఉంటే దాన్ని బాగు చేయించే బాధ్యత సాధారణంగా వాళ్లదే. ఫ్రీహోల్డర్, అంటే నేలకూ బిల్డింగ్‌కీ అసలు యజమాని, చేయిస్తాడు. మనం కొనేది ఆ ఫ్లాట్‌ని ఇన్నేళ్లు వాడుకునే హక్కు, అదే లీజు. అందులో రాసి ఉంటే ఆ ఖర్చు సర్వీస్ ఛార్జీలో, అంటే బిల్డింగ్ నిర్వహణకు మనం కట్టే డబ్బులో, కలిసి మన మీదికి వస్తుంది. సముద్ర మట్టం పెరుగుతోంది కాబట్టి బారియర్‌కి ఎగువన ఉన్న ఈ గోడలను 2050 లోపు ఇంకా ఎత్తు పెంచాలని, వరదల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ప్రణాళిక కూడా ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది బిల్లు కాదు. ఒక్కో ఫ్లాట్ వాటా 250 పౌండ్లు దాటే పని అయితే, మొదలుపెట్టే ముందే మమ్మల్ని సంప్రదించాలని చట్టం ఉంది. రెండు నోటీసులు ఇవ్వాలి, ఒక్కోదానికి జవాబు చెప్పడానికి 30 రోజుల గడువు ఇవ్వాలి. ఆ రెండు నోటీసులూ వచ్చాయి. నా టేబుల్ సొరుగులో ఉన్నాయి, కవరు కూడా చించలేదు. మొత్తం బిల్డింగ్‌లో జవాబు రాసినవాళ్లు ఇద్దరే. ఎవరూ నోరెత్తలేదు కాబట్టి పని వాళ్లు అనుకున్నట్టే, వాళ్లు అనుకున్న ధరకే జరిగిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఫ్లాట్ కొనొద్దని నేను చెప్పను. నా ఇల్లంటే నాకు ప్రాణం. కానీ మనవాళ్లు ఫ్లాట్ కొంటారు, బిల్డింగ్ మీటింగ్‌కి రారు. దసరాకు హాలు బుక్ చేయడానికి అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు పెట్టుకుంటాం, బతుకంతా కూడబెట్టి కొన్న ఇంటి లెక్కలు మాత్రం మనం చూడం. కొత్త బిల్డింగ్‌లో అయితే ఇలా కొన్నేళ్లు గడిచిపోతుందేమో. నూట యాభై ఏళ్ల గోడౌన్‌లో గడవదు.

ఆ కుర్రాడికి దారిలో చూపించాను. టవర్ బ్రిడ్జి పక్కనే బట్లర్స్ వార్ఫ్ అనే పాత గోడౌన్ల రేవు, 1873లో పూర్తయింది. టీ, కాఫీ, సుగంధ ద్రవ్యాలు అక్కడ దిగేవి. కంటెయినర్ ఓడలు వచ్చి రేవు పని నది దిగువకు, టిల్‌బరీ వైపు జరిగిపోయాక 1972లో మూతపడింది. షాడ్ థేమ్స్ వీధిలో తలెత్తి చూస్తే రెండు వైపుల బిల్డింగులనూ కలుపుతూ ఇనుప వంతెనలు ఇప్పటికీ ఉన్నాయి. సరుకు పీపాలను వాటి మీద దొర్లించుకుంటూ వెళ్లేవాళ్లు. ఇంగ్లిష్ గోడౌన్ అనే మాట మలయ్ నుంచి వచ్చిందనీ, దాని వెనక మన గిడ్డంగి ఉండొచ్చనీ నిఘంటువుల్లో ఉంది. ఆ మాట చెప్పగానే ఆ కుర్రాడి భార్య ముఖం వెలిగిపోయింది.

ఇంత అందమైనవాటిని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. లిస్టెడ్ బిల్డింగ్‌లో, అంటే చారిత్రక కట్టడంగా జాబితాలో ఉన్నదాంట్లో, అనుమతి లేకుండా కిటికీ మార్చడం నేరం. మా బెడ్‌రూమ్ కిటికీకి సన్నటి ఇనుప ఫ్రేము, ఒకే పొర అద్దం. జనవరిలో తెల్లవారేసరికి అద్దం లోపలి వైపు నీళ్లు కారి గట్టు మీద మడుగు కడతాయి. పడుకోబోయే ముందు అక్కడ పాత టవల్ మడిచి పెడతాను, పొద్దున్నే పిండి రేడియేటర్ మీద ఆరేస్తాను. డబుల్ గ్లేజింగ్‌కి, అంటే రెండు పొరల అద్దానికి, దరఖాస్తు ఒక్క ఫ్లాట్ పెట్టడం కంటే అందరం కలిసి పెడితే మేలు.

లీజు సంగతి కూడా అంతే. 1980ల చివర్లో 125 ఏళ్లకు రాసిన లీజు అయితే ఇప్పుడు 90 లోపే మిగిలి ఉంటుంది. 80 కంటే తగ్గాక పొడిగించుకోవాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఇది కొనేముందే చూసుకోండి.

మరి దారి లేదా? ఉంది. రైట్ టు మేనేజ్ అని 2002 చట్టంలో ఉంది. ఇందుకోసం పెట్టుకునే కంపెనీలో కనీసం సగం ఫ్లాట్ల వాళ్లు సభ్యులుగా చేరితే, ఫ్రీహోల్డర్ తప్పు చేశాడని రుజువు చేయనక్కర లేకుండానే నిర్వహణ మన చేతికి తీసుకోవచ్చు. మాలాంటి బిల్డింగులకు ఇన్నాళ్లూ అడ్డుపడింది కింది అంతస్తులో రెస్టారెంట్లు. ఇళ్లు కాని భాగం 25 శాతం దాటితే ఈ హక్కు ఉండేది కాదు. 2025 మార్చి 3 నుంచి ఆ పరిమితి 50 శాతానికి పెరిగింది. ఫ్రీహోల్డర్ లాయరు ఖర్చు కూడా ఇప్పుడు మామూలుగా మనం కట్టనక్కర లేదు. గోడౌన్ ఫ్లాట్లలో ఉన్నవాళ్లకు ఇంత మంచి వార్త వస్తే మన గ్రూపుల్లో దాని గురించి ఒక్క మెసేజ్ కనపడలేదు.

1889లో లండన్ రేవు కూలీలు గంటకు ఆరు పెన్నీల కోసం సమ్మె చేసి గెలిచారు. వాళ్లకు రేపటి పని కూడా గ్యారంటీ లేదు. వాళ్లు మూటలు మోసిన రేవు బిల్డింగులో కూర్చుని, రెండు నెలలకోసారి బిల్డింగ్ మీటింగ్‌కి ఒక గంట కేటాయించలేమా?

ఏజెంటు మెయిల్ నాలుగు రోజులకు వచ్చింది. నది గోడ ఫ్రీహోల్డర్‌దే, ఖర్చు సర్వీస్ ఛార్జీలోనే. ఆ కుర్రాడు గత ఆరేళ్ల లెక్కలు తెప్పించి నాకు పంపాడు, ఇద్దరం కూర్చుని చూస్తున్నాం. మా బిల్డింగ్‌లో రైట్ టు మేనేజ్‌కి కావలసిన సగానికి ఇంకా ఏడు సంతకాలు తక్కువ. మూడో అంతస్తు ఫ్లాట్ తెలుగాయనదని పోస్ట్‌బాక్స్ మీద పేరు చూసి తెలుసుకున్నాను. ఆయన దుబాయ్‌లో ఉంటారట, ఇక్కడ ఫ్లాట్ అద్దెకిచ్చారు. అడ్రస్ కనుక్కుని తెలుగులోనే ఉత్తరం రాశాను. ఆయన సంతకం కోసం ఎదురు చూస్తున్నాను.