కప్పు మీద సోలార్ సరే, కాలువలోకి పోయే నీళ్ల మాటేమిటి?

విడవలూరు మండలంలో మా మేనమామకు మూడెకరాల రొయ్యల గుంటలున్నాయి. పోయిన వేసవిలో ఒక రాత్రి ఆయనకు తోడుగా గట్టు మీద పడుకున్నాను. రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. అప్పటిదాకా ఆగకుండా వినిపిస్తున్న, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి, గాఢనిద్రలో ఉన్న మామ, ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చున్నాడు. టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగు తీశాడు. "అరగంటయితే రొయ్య పైకి తేలుద్ది అబ్బయ్యా. గంటయితే ఇంక చూసుకోడానికేం ఉండదు" అన్నాడు డీజిల్ పోస్తూ.

తెల్లారి బండి మీద నెల్లూరు వస్తుంటే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ కనిపించింది. రేకుల కప్పు నిండా సోలార్ పలకలు పరిచి ఉన్నాయి. మామ గుంటలో పెరిగిన రొయ్యే ఇలాంటి ప్లాంటులో తల, పెంకు తీయించుకుని ఐస్ కట్టి అమెరికా వెళ్తుంది. ఒకే సరుకు, ఒకే వ్యాపారం. గుంట దగ్గర డీజిల్ పొగ, ప్లాంటు మీద సోలార్ మెరుపు. ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకుంటే, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యాపారాలు పర్యావరణం వైపు ఎంత నిజంగా కదులుతున్నాయో తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, రోజుకు 14 గంటలు తిరిగితే 80 యూనిట్లు దాటుతుంది. నాలుగు నెలల పంటకు అది పది వేల యూనిట్లు. ఆక్వా జోన్‌లో పదెకరాల లోపు రైతుకు సబ్సిడీ కింద యూనిట్ రూ.1.50కే వస్తోంది. ఆ ధరకు కరెంటు దొరికే రైతు తక్కువ కరెంటు తాగే కొత్త మోటారు కొంటే, మిగిలేది ఏళ్ల తరబడి మోటారు ఖరీదుకే సరిపోదు. పైగా ఎండ పగలుంటుంది, రొయ్యకు ఊపిరాడనిది తెల్లవారుజామున. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఏరియేటర్ల పని తక్కువ. రాత్రి ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అప్పుడు మోటార్లు తిరగాల్సిందే. గుంట గట్టు మీద సోలార్ పెట్టాలంటే బ్యాటరీలైనా కావాలి, పగటి కరెంటును లైనుకిచ్చి రాత్రి తిరిగి తీసుకునే నెట్ మీటరైనా కావాలి. ప్రాసెసింగ్ ప్లాంటుకు ఈ చిక్కు లేదు. దాని ఫ్రీజర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి, పగటి సోలార్ అంతా అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. పరిశ్రమల రేటు కరెంటు కాబట్టి మిగిలే ప్రతి యూనిట్టూ నేరుగా లాభం.

అంటే ప్లాంటు యజమానికి ప్రకృతి మీద ప్రేమ ఎక్కువని, మా మామకు తక్కువని కాదు. పెట్టిన డబ్బు, మిగిలిన డబ్బు ఒకే జేబులోకి వచ్చేచోట వ్యాపారం తనంతట తానే పచ్చబడుతుంది. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిదైన చోట మారదు. నష్టం ఊరిదైతే అసలే మారదు. ప్రభుత్వం, కొనుగోలుదారులు, మనం అంతా చేయి పెట్టాల్సింది ఆ రెండో చోట, మూడో చోట. మన సంబరాలన్నీ మాత్రం మొదటి చోటనే జరుగుతున్నాయి.

ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు వెళ్లినవాళ్లకు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దొరికేది ఈ చుట్టుపక్కలే. ఒకప్పుడు డ్రిల్లు వేసి, మందు పెట్టి రాయిని విడగొట్టేవారు. పేలుడికి పగుళ్లొచ్చి మంచి రాయి కూడా తుక్కయ్యేది. ఇప్పుడు వజ్రపు పూసలు గుచ్చిన తీగతో కోసే యంత్రాలు వచ్చాయి. దిమ్మె శుభ్రంగా ఊడివస్తుంది, దుమ్ము తక్కువ, వృథా తక్కువ. దీన్ని ఎవరూ బలవంతంగా తెప్పించలేదు. దిమ్మె పగిలితే పోయేది క్వారీ యజమాని సొమ్ము కాబట్టి వచ్చింది.

అక్కడే పాలిషింగ్ యూనిట్‌లోకి వెళ్లి చూడండి. రాయి కోసే బ్లేడు మీద నీళ్లు ధారగా పడుతుంటాయి. ఆ నీళ్లు బూడిదరంగు పాలలా కిందికి కారి, తొట్లలో తేరుకుని, మళ్లీ మోటారుతో పైకి వెళ్తాయి. ప్రకాశంలో నీళ్ల ట్యాంకరు ఖరీదేమిటో యూనిట్ నడిపేవాళ్లను అడగాలి! అందుకే నీటిని తిరిగి వాడటం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. తొట్టి అడుగున మిగిలే మెత్తటి రాతి బురద సంగతి వేరు. దాన్ని ట్రాక్టర్లో ఎత్తి రోడ్డు పక్కనో, పడావు పొలంలోనో పోస్తారు. ఎండాక అది పిండిలా లేచి చెట్ల ఆకుల మీద, ఇళ్ల వాకిళ్లలో, మనుషుల ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. నీళ్లకు ఖరీదుంది, నీళ్లు తిరిగొచ్చాయి. బురద పారబోతకు ఖరీదు లేదు, బురద పొలాల్లోకి వచ్చింది. ఒకే షెడ్డు కింద, ఒకే యజమాని చేతుల మీదుగా రెండూ జరుగుతున్నాయి. ఆ బురదను పిండి గట్టి ముద్దగా చేసే ఫిల్టర్ ప్రెస్సులు ఉన్నాయి. ముద్దను ఇటుకల్లో కలపొచ్చు, క్వారీ తుక్కును నలిపి ఇసుక చేయొచ్చు. టెక్నాలజీ కొరత కాదిది. పారబోస్తే అడిగే మనిషి కొరత.

పొగాకు దగ్గర కథ ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. పొగాకే వద్దనే వాదన సబబైనదే, కానీ అది వేరే చర్చ. పంట ఉన్నన్నాళ్లు, ఆకును వేడి మీద ఆరబెట్టే గది, అంటే బ్యారన్, మండుతూనే ఉంటుంది. కొండపి, టంగుటూరు, కందుకూరు ప్రాంతాల్లో సీజన్‌లో రాత్రిపూట తిరిగితే ఊరూరా బ్యారన్ల పొయ్యిలు ఎర్రగా కనిపిస్తాయి. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక వారం రోజులు వేడిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. అద్దంలోంచి థర్మామీటరు చూసుకుంటూ పొయ్యి దగ్గరే కునుకు తీస్తారు. కిలో పొగాకు తయారవడానికి నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. ఒక బ్యారన్ మీద మూడు టన్నుల పొగాకు దిగితే పన్నెండు నుంచి పదిహేను టన్నుల కట్టె బూడిదైనట్టే.

పైకప్పు నుంచి వేడి పోకుండా ఒక పొర వేయిస్తే, గోడల సందులు పూడిస్తే కట్టె చెప్పుకోదగ్గంత ఆదా అవుతుంది. రైతులకు తెలియని విషయమేం కాదు. అయినా వేయించని బ్యారన్లు ఎన్నో. కారణం, చాలా బ్యారన్లు కౌలుకు నడుస్తాయి. కట్టె కొనేది కౌలు రైతు, బ్యారన్ ఇంకొకరిది. యజమాని పొర వేయిస్తే మిగిలేది కౌలు రైతుకు, కాబట్టి అతను వేయించడు. వచ్చే ఏడు ఈ బ్యారన్ తనకే దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి కౌలు రైతూ వేయించడు. మధ్యలో కాలిపోయేది చెట్టు. ఇక్కడ రైతుకు అవగాహన సదస్సులు పెట్టి లాభం లేదు. బ్యారన్ కౌలు ఒప్పందంలోనే పొర ఖర్చు సర్దుబాటు చేసే పద్ధతి రావాలి. లేదంటే వేలం కేంద్రంలో పొగాకు కొనే కంపెనీలే ఆ ఖర్చు భరించాలి. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి దేశంలోని టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ బాధ్యత మీద ఏటా నివేదిక ఇస్తున్నాయి. పొగాకు కొనే పెద్ద కంపెనీల నివేదికల్లో మన చెట్లు కూడా ఒక లెక్కే. ఆ లెక్క బాగు చేసుకునే ఖర్చు కౌలు రైతు నెత్తిన పడటం న్యాయం కాదు.

నెల్లూరు రైస్ మిల్లులకు ఎవరి బోధా అక్కర్లేకపోయింది. ఊకను బాయిలర్‌లో వేసి ఆవిరి తీసి ధాన్యం ఉడకబెట్టడం అక్కడ పాత అలవాటే. ఇంధనం ఇంట్లోనే పుడుతుంటే బొగ్గు కొనే మిల్లర్ ఎవరు?

కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంట్ల సంగతి మాత్రం ఆగి చూడాలి. అక్కడి బూడిదకు కొనేవాళ్లున్నారు. సిమెంటులో కలుస్తుంది, ఇటుకవుతుంది. పైగా 2021 డిసెంబర్ నోటిఫికేషన్ బూడిదంతా వాడి తీరాలని చెప్పింది, వాడకపోతే జరిమానా అంది. ధర, చట్టం రెండూ ఒకే వైపు లాగాయి. చిమ్నీ నుంచి వచ్చే గంధకపు వాయువుకు మాత్రం అంతటి బలవంతం దక్కలేదు. దాన్ని పట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబర్‌లోనే నిబంధన వచ్చింది. గడువు మీద గడువు పొడిగిస్తూ వచ్చి, 2025 జులైలో దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేశారు. ఆ యంత్రం వల్ల ప్లాంటుకు మిగిలేదేమీ లేదు, లాభమంతా గాలి పీల్చేవాళ్లది. అందుకే పదేళ్లు గడిచినా చాలాచోట్ల పని కాలేదు. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. ఆ మచ్చకు వాహనాలు, రోడ్ల దుమ్ము లాంటి కారణాలూ ఉంటాయి, తప్పంతా చిమ్నీలదే అనడం లేదు. కానీ గాలి బాగాలేదని తెలిసీ, ఉన్న నిబంధనను సడలించడం నాకు బాధ కలిగించింది.

ఈ మధ్య మన ప్రాంతానికి 'గ్రీన్' పేరుతో పెద్ద పెట్టుబడులే వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తామంటున్నారు. మంచిదే, కనిగిరికి పని కావాలి. వలసలు చూసిన ఎవరూ కాదనలేరు. కానీ గడ్డి ఊరికే పెరగదు, నీళ్లు కావాలి. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన మనుషులున్న నేల అది. వెలిగొండ నీళ్ల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నేల. గడ్డికి ఏ నీళ్లు, ఎన్ని నీళ్లు అన్న ప్రశ్నకు జవాబు ముందే కాగితం మీద ఉండాలి. అదే ఏడాది ఉలవపాడు మండలం కరేడులో సోలార్ పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ భూసేకరణకు వ్యతిరేకంగా రైతులు రోడ్డెక్కారు. సోలార్ మీద వాళ్లకు కోపం లేదు. పంట పండే భూమి పోతుందన్నదే వాళ్ల గోడు. పలక పచ్చదైనంత మాత్రాన దాని కింద పోయిన భూమి లెక్కలోంచి మాయమైపోదు.

మళ్లీ రొయ్య దగ్గరికే వస్తాను, ఎందుకంటే నెల్లూరు తీరం ఒకసారి దెబ్బతిని నేర్చుకున్న పాఠం అక్కడే ఉంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మోజులో వరి పొలాలు గుంటలయ్యాయి. 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ తగిలి లక్షలు పెట్టినవాళ్లు అప్పుల్లో మునిగారు. తీరగ్రామాల మంచినీళ్లు ఉప్పబడ్డాయని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 డిసెంబర్‌లో వచ్చిన తీర్పు తీరప్రాంత చెరువుల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 నుంచి టైగర్ బదులు వనామీ అనే మరో రకం రొయ్య. వనామీ గుంట నీటిని శుద్ధి చేశాకే బయటికి వదలాలని నిబంధన ఉంది.

పట్టుబడి రోజు ఏం జరుగుతుందో చూశాను. వలలు లాగడం అయిపోయాక తూము ఎత్తేశారు. మొదట పచ్చటి నీళ్లు, చివర్లో మిగిలిన మేత, రెట్ట కలిసిన నల్లటి బురద నీళ్లు, ముక్కు మూసుకునేంత వాసనతో. అన్నీ పంటకాలువలోకి, అక్కణ్నుంచి బకింగ్‌హామ్ కాలువలోకి. కాస్త దిగువన ఇంకో రైతు మోటారు ఆ కాలువలోంచే నీళ్లు తోడుతోంది. "ఒక చెరువు శుద్ధికి వదిలెయ్యొచ్చు కదా మామా" అన్నాను. "మూడెకరాల్లో అరెకరం వదిలితే బ్యాంకు నాకు అరెకరం వడ్డీ తగ్గిస్తదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మేత నుంచి ప్లాంటు దాకా అన్ని దశల్లో సర్టిఫికెట్ ఉంటే ప్యాకెట్ మీద నాలుగు నక్షత్రాల గుర్తు వస్తుంది, విదేశీ సూపర్‌మార్కెట్లు దాన్ని అడుగుతాయి. 2024-25లో మన దేశం 7.41 లక్షల టన్నుల రొయ్యలు ఎగుమతి చేస్తే, అందులో పెద్ద వాటా ఆంధ్రదే. అంత వ్యాపారంలో గుర్తు వల్ల వచ్చే అదనపు ధర రైతు రసీదులో విడిగా, రూపాయల్లో కనపడాలి. 30 కౌంట్‌కు, అంటే కిలోకు ముప్పై తూగే రొయ్యకు ఇంత, శుభ్రమైన గుంటకు పైన ఇంత అని. అమెరికా సుంకాలతో రేటు పడ్డ రోజుల్లో ఆ రూపాయి ఇంకా అవసరం. కరెంటు సబ్సిడీ పూర్తిగా యూనిట్ల మీదే ఇచ్చే బదులు, అందులో కొంత ఆక్సిజన్ చూసి మోటారును ఆపి నడిపే సెన్సర్ పరికరానికి మళ్లిస్తే రైతుకూ, కరెంటు పంపిణీ చేసే డిస్కంకూ మేలు. ఇక కాలువ. మూడెకరాల రైతు విడివిడిగా శుద్ధి చెరువు తవ్వలేడు. ఒక కాలువ మీద ఆధారపడ్డ గుంటలన్నిటికీ కలిపి, కాలువ చివర ప్రభుత్వ భూమిలో ఒక ఉమ్మడి చెరువు తవ్వితే, నీళ్లు అక్కడ తేరుకుని బయటికి పోతాయి. ఒక గుంటలో తెల్లమచ్చ తగిలితే, ఆ నీళ్లు బయటికి పోకముందే అక్కడ ఆపొచ్చు.

మా మామ ఆ రోజు తూము దించి, కాళ్లు కడుక్కుని, దిగువ రైతుకు ఫోన్ చేశాడు. "రెండు రోజులు మోటారు ఎయ్యబాక నాయనా, నీళ్లొదిలా" అని చెప్పాడు.